సొంతంగా బిగించుకునే డెస్క్‌టాప్: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఈ వైపు తెలుగువాళ్లు తక్కువ ఖర్చులో, పదేళ్లు నిలిచే సిస్టమ్ కావాలని వచ్చినప్పుడు అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వీడియోల్లో హైదరాబాదు, బెంగళూరు వాళ్లు చెప్పే సలహాలు మంచివే. కాకపోతే అవి కరెంటు నిలకడగా ఉండే ఊళ్లకి సరిపోయేవి. మన వైపు ప్రాసెసర్ పాతబడి మూలపడ్డ సిస్టమ్‌లు తక్కువ. వోల్టేజి, పిడుగులు, ఉప్పుగాలి, ఎలుకలు, వీటికి బలైనవే ఎక్కువ. ఈ పేజీలో సగం కరెంటు గురించే ఉందని ఎవరైనా విసుక్కుంటే, కారణం అదే. ధరలు వారం వారం మారుతున్నాయి కాబట్టి రూపాయల లెక్క ఎక్కడా రాయలేదు.

ఉన్న డబ్బులో ముందు దేని మీద పెట్టాలి?

ఎస్‌ఎమ్‌పీఎస్ మీద, అంటే గోడ కరెంటుని మార్చి సిస్టమ్ భాగాలన్నిటికీ పంచే డబ్బా మీద. అందరూ చివర్లో, మిగిలిన చిల్లరతో కొనేది ఇదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే డబ్బా మీద "450 వాట్లు" అని ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోతుంది. అది పోయేటప్పుడు ఒంటరిగా పోదు. బోర్డునో, హార్డ్ డిస్కునో, ఒక్కోసారి రెండింటినీ వెంటబెట్టుకుని పోతుంది. మొత్తం బడ్జెట్‌లో కనీసం పదో వంతు దీనికి పక్కన పెట్టండి. 5 ఏళ్ల వారంటీ ఇచ్చే కంపెనీ మోడళ్లు మధ్యస్థ ధరల్లోనే దొరుకుతాయి. ప్రాసెసర్ మార్చినా, బోర్డు మార్చినా ఇది మాత్రం తర్వాతి సిస్టమ్‌లోకి కూడా వస్తుంది.

ఎస్‌ఎమ్‌పీఎస్ కొనేటప్పుడు ఏం చూడాలి? షాపువాళ్లు అన్నీ ఒకటే అంటున్నారు.

పెట్టె తెరిపించి పక్కనున్న స్టిక్కర్ చదవండి. అందులో ఇన్‌పుట్ వోల్టేజి అని ఒక వరుస ఉంటుంది. "100–240" అని ఉంటే మన ఊళ్లకి బంగారం. సాయంత్రం ఇళ్లన్నీ మోటార్లు వేసినప్పుడు లైను 160కి పడినా అది చెక్కుచెదరకుండా పనిచేస్తుంది. "200–240" అని ఉంటే అది కూడా కంపెనీ సరుకే కావచ్చు, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ ముద్ర కూడా ఉండొచ్చు, కానీ లో వోల్టేజి ఉండే పల్లెకి పనికిరాదు. బరంపురం టౌనులో నిలకడైన లైను ఉన్నవాళ్లు తీసుకోవచ్చు.

వెనక్కి తిప్పి చూస్తే 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ కనిపిస్తే, అక్కడే వదిలేయండి. అది యాక్టివ్ పీఎఫ్‌సీ (లైను నుంచి కరెంటుని సమంగా లాగే సర్క్యూట్) లేని పాత డిజైను.

ఇంకో వరుసలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. దాన్ని 12తో గుణిస్తే అసలు బలం తెలుస్తుంది. 450 వాట్లని అమ్మే డబ్బా మీద 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లే ఉంటే, అది 192 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు తినేది దాదాపు అంతా 12 వోల్టుల లైను నుంచే.

ఎన్ని వాట్లది సరిపోతుంది?

గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్ మామూలు పనిలో 40–60 వాట్లు తీసుకుంటుంది, ఎంత బరువు పని పెట్టినా 120–130కి అటూ ఇటూ. మంచి 450 చాలు. కార్డు వేసే ఉద్దేశం ఉంటే 550. 750 అవసరమని చెప్పేవాళ్లు మీ పని అడగకుండా చెబుతున్నారు.

క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటోంది. సిస్టమ్ పాడైందా?

లేదు, మీ ఇంటి ఎర్తింగ్ పాడైంది, లేదా అసలు లేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని ఎర్త్‌లోకి పంపేలా కట్టి ఉంటాయి. ఎర్త్ వైరు దారి చూపకపోతే ఆ వోల్టేజి, దాదాపు సగం మెయిన్స్, బాడీ మీదే నిలబడుతుంది. కరెంటు బహు తక్కువ కాబట్టి మామూలుగా ప్రాణం మీదికి రాదు. కానీ ఎర్త్ లేని ఇంట్లో ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల నిజంగా షార్టయితే అదే బాడీ మీదికి పూర్తి 230 వస్తుంది. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టులు మాటిమాటికీ పోవడానికి కూడా ఇదొక కారణం.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ప్లగ్ పాయింట్ దగ్గర మూడు కొలతలు తీయించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వస్తే, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకపోతే మంచిది. పాత ఇళ్లలో ఎర్త్ గుంట పెరట్లో ఉంటుంది, ఉప్పు, బొగ్గు వేసి ఎప్పుడో పూడ్చింది. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండిపోతుంది. వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తే చాలా ఇళ్లలో తేడా కనిపిస్తుంది. రెండు పిన్నుల ప్లగ్‌లోకి మూడో పిన్ను విరిచి దూర్చే అలవాటు మాత్రం మానుకోవాలి. ఇది పెద్దవాళ్లకి చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

స్టెబిలైజర్ పెట్టాలా?

పైన చెప్పిన 100–240 రకం ఎస్‌ఎమ్‌పీఎస్ ఉంటే లో వోల్టేజి కోసం అక్కర్లేదు. రిలే స్టెబిలైజర్ టపటపమని మారుతూ ఉంటే ఆ కుదుపులే కొత్త తలనొప్పి.

భయపడాల్సింది హై వోల్టేజికి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇళ్లలోకి 300, 350 కూడా వచ్చేస్తుంది. వీధిలో ఒకేసారి నాలుగు ఫ్యాన్లు, రెండు ఫ్రిజ్‌లు కాలిపోయాయంటే చాలాసార్లు జరిగింది ఇదే. స్పైక్ గార్డ్ దీన్ని ఆపలేదు. అది క్షణంలో వచ్చిపోయే కుదుపులకి మాత్రమే. మెయిన్ బోర్డులో ఎంసీబీ పక్కన బిగించే ఓవర్ వోల్టేజి కట్ఆఫ్ ఉంటుంది, వోల్టేజి 270 దాటగానే లైను తెంపేస్తుంది. ఇంటి మొత్తానికీ కాపలా. 2013 ఫైలిన్, 2018 తిత్లీ చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. తుఫాను తర్వాత లైను వచ్చిన మొదటి గంటలో సిస్టమ్ ఆన్ చేయకండి. ఫ్యాన్, లైటు ఎలా ఉన్నాయో చూసి అప్పుడు చేయండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, మళ్లీ యూపీఎస్ ఎందుకు?

ఇన్వర్టర్ వెనకాల ఒక స్విచ్ ఉంటుంది, నార్మల్ మోడ్, యూపీఎస్ మోడ్ అని. నార్మల్‌లో కరెంటు పోయి బ్యాటరీ అందుకునేలోపు పట్టే కాసింత సమయంలోనే సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ కూడా పూర్తి లోడు మీద 16 మిల్లీ సెకన్లకి అటూ ఇటూ మాత్రమే ఓర్చుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే సుమారు 10 మిల్లీ సెకన్లలో మారుతుంది, సరిపోతుంది.

అయితే ఇక్కడో తిరకాసు ఉంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ సున్నితంగా ఉంటుంది. లైను 180 కంటే కిందికి పడగానే కరెంటు లేనట్టే లెక్కేసి బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. సాయంత్రాలు లో వోల్టేజి ఉండే ఊళ్లో రోజూ రెండు మూడు గంటలు బ్యాటరీ ఊరికే ఖాళీ అవుతుంది, పాపం అసలు కరెంటు పోయేసరికి అందులో ఏమీ మిగలదు. అలాంటి చోట ఇన్వర్టర్‌ని నార్మల్‌లో వదిలేసి, సిస్టమ్‌కి విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టుకోవడం మేలు. పది పదిహేను నిమిషాలు వస్తుంది, ఫైలు సేవ్ చేసి మూసేయడానికి అది చాలు. లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. రెండు మూడేళ్లకి మార్చాల్సిందే. బ్యాటరీ మాత్రమే కొని మార్చుకోండి, యూపీఎస్ మొత్తం కొననక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త: చిన్న యూపీఎస్‌లు బ్యాటరీ మీద అచ్చమైన సైన్ వేవ్ (లైను కరెంటులాంటి నున్నటి అల) ఇవ్వవు. కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎమ్‌పీఎస్‌లకి అది పడదు, కరెంటు పోగానే ఆగిపోతాయి. షాపులోనే ప్లగ్ తీసి చూపించమనండి. లేజర్ ప్రింటర్‌ని దీనికి తగిలించకండి.

ఉరుములప్పుడు స్విచ్ ఆపితే చాలదా?

చాలదు. ప్లగ్ పీకేయాలి. చాలామంది మర్చిపోయేది మిగతా తీగలు. రూటర్ నుంచి వచ్చే ల్యాన్ కేబుల్, డిష్ యాంటెన్నా తీగ వచ్చే టీవీకి తగిలించిన హెచ్‌డీఎంఐ. ఇంట్లోకి ఫైబర్ వచ్చినా సరే, రూటర్ అడాప్టర్ ఉన్నది అదే కరెంటు లైను మీద. పిడుగు తర్వాత నెట్ ఒక్కటే పనిచేయకపోతే మదర్‌బోర్డ్ మీద ల్యాన్ పోర్టు పోయి ఉంటుంది. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ ఒకటి కొంటే సరి, బోర్డు మార్చక్కర్లేదు.

ప్రాసెసర్ ఏది తీసుకోవాలి?

పిల్లల చదువు, ఆఫీసు పని, ఫోటోలు, అడపాదడపా ఆటలు, వీటికి రైజెన్ 5 5600జీ ఇప్పటికీ మంచి లెక్క. 2021లో వచ్చింది, 6 కోర్లు, 65 వాట్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంది. పెట్టెలో ఫ్యాన్ వస్తుంది, అదే చాలు. ఇంటెల్‌లో అయితే 2022 నాటి ఐ3 12100. పేరు చివర "ఎఫ్" ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు లేకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. కాస్త తక్కువకి వస్తోందని ఎఫ్ కొనుక్కొచ్చి తర్వాత లబలబలాడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

చేతిలో ఇంకాస్త ఉండి, నాలుగైదేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు కావాలంటే ఏఎండీ ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) వైపు వెళ్లండి. 2022లో వచ్చింది, కనీసం 2027 దాకా ఆదరిస్తామని ఏఎండీ చెప్పింది. ఏఎం4, ఇంటెల్ 1700 సాకెట్లు రెండూ దాదాపు దారి చివరికి వచ్చాయి. తప్పేం లేదు, కొన్నదాన్నే చివరిదాకా వాడేవాళ్లకి చవగ్గా దొరికేవి అవే. పాత 13, 14 తరం ఇంటెల్ ఐ7, ఐ9లు సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు మాత్రం ఆలోచించండి. వాటిలో వోల్టేజి ఎక్కువై చిప్పు దెబ్బతినే సమస్య బయటపడి, 2024లో ఇంటెల్ బయాస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లు ఇచ్చి, వారంటీ 2 ఏళ్లు పెంచింది. ముందు వాడినవాళ్లు అప్‌డేట్ చేశారో లేదో మనకి తెలియదు.

"కోర్ ఐ5, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, కొత్త సిస్టమ్" అని సగం ధరకే ఇస్తున్నారు. కొనచ్చా?

ఏ ఐ5 అని అడగండి. పూర్తి నంబరు చెప్పమనండి. చాలావరకు అది 3470 లాంటిది, 2012 నాటిది. కొత్తగా తయారైన హెచ్61 బోర్డు, పాత ప్రాసెసర్, డీడీఆర్3 ర్యామ్, లైట్లు వెలిగే గాజు క్యాబినెట్. మెరుపంతా పైనే. 12100 ఐ3 దీన్ని అన్నిటా దాటేస్తుంది. విండోస్ 11 అధికారికంగా దీంట్లో ఎక్కదు. పెద్ద టౌన్లలో సర్వర్ల కోసం చేసిన జియాన్ ప్రాసెసర్, ఊరూపేరూ లేని ఎక్స్99 బోర్డు కలిపి "గేమింగ్" అని అమ్ముతారు. బోర్డు పోతే మళ్లీ అలాంటి బోర్డే వెతుక్కోవాలి.

పాత ఆఫీసు సిస్టమ్‌లు మంచివేనా?

డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ గట్టి సరుకే. 8వ తరం ఇంటెల్ గానీ ఆ తర్వాతిది గానీ తీసుకోండి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, 11కి 8వ తరం ఉండాలి. వీటితో చిక్కల్లా ఎస్‌ఎమ్‌పీఎస్, బోర్డు ఆయా కంపెనీల సొంత కొలతల్లో ఉండటం. పోతే మామూలుది సరిపోదు. ఇంటర్ చదివే పిల్లాడికి, చిన్న దుకాణం లెక్కలకి ఇది కొత్తదానికంటే తెలివైన కొనుగోలు అని నా అభిప్రాయం.

మదర్‌బోర్డ్ మీద ఆదా చేయొచ్చా?

చేయొచ్చు, మరీ అడుగుకి దిగకుండా. నాలుగు ర్యామ్ స్లాట్లు, ఎస్ఎస్‌డీ పెట్టడానికి ఒక ఎం.2 స్లాటు, ప్రాసెసర్ పక్కనుండి దానికి వోల్టేజి తగ్గించి ఇచ్చే వీఆర్‌ఎం మీద చిన్న అల్యూమినియం దిమ్మ ఉంటే చాలు. కెపాసిటర్ల ఆయుష్షు వేడిని బట్టి ఉంటుంది. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అని ఎలక్ట్రానిక్స్ వాళ్ల లెక్క. గోడకి ఆనించి, టేబుల్ అరలో ఇరికించి పెట్టకపోవడం ఖర్చులేని అప్‌గ్రేడ్. వైఫై ఉన్న బోర్డుకి ఎక్కువ పెట్టక్కర్లేదు.

ర్యామ్ ధర ఏమిటిలా పెరిగిపోయింది?

ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ తయారీ అటు మళ్లింది, 2025 చివరి నుంచి ఇళ్లకి కొనేవాళ్ల మీద ఆ భారం పడింది. పాత సిస్టమ్‌లో పనిచేసే డీడీఆర్4 ర్యామ్ ఉంటే పారేయకండి, అది సరిపోయే బోర్డు చూసుకోవడమే లాభం. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు, బోర్డు కొనేముందు పేరు చూసుకోండి. 5600జీ లాంటి లోపలి గ్రాఫిక్స్ ఉన్నవాటికి 16 జీబీ ఒక్క కడ్డీ కన్నా 8, 8 రెండు కడ్డీలే నయం. ఇప్పుడు ఒక 8తో మొదలుపెట్టి, తర్వాత రెండోది వేసుకున్నా పరవాలేదు.

ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందంటారు?

మామూలు 500 జీబీ ఎన్‌వీఎంఈ (ఎం.2 స్లాటులో పెట్టే వేగమైన రకం ఎస్ఎస్‌డీ) మీద 300 టీబీ దాకా రాయొచ్చని కంపెనీలు హామీ ఇస్తాయి. రోజుకి 20 జీబీ రాసినా ఏడాదికి 7 టీబీ చిల్లర. లెక్క మీరే చూసుకోండి, 40 ఏళ్లు. రాతవల్ల అరిగేలోపు వోల్టేజి దెబ్బకో, చవక కంట్రోలర్ వల్లో పోయే ముప్పు ఎక్కువ, అందుకే పేరున్న కంపెనీది, 5 ఏళ్ల వారంటీది తీసుకోండి. ఎస్ఎస్‌డీ పోయేముందు చెప్పి పోదు. పెళ్లి ఫోటోలు, భూమి కాగితాల స్కాన్లు ఇంకోచోట కూడా ఉండాలి.

కొత్త డ్రైవు తెచ్చిన రోజే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి "పవర్ ఆన్ అవర్స్" చూడండి. సున్నా దగ్గర ఉండాలి. వేలల్లో కనిపిస్తే వాడినదాన్ని కొత్త పెట్టెలో పెట్టారన్నమాట. హార్డ్ డిస్కుల్లో ఈ మోసం మరీ ఎక్కువ.

గ్రాఫిక్స్ కార్డు కావాలా?

వీడియో ఎడిటింగ్, పెద్ద ఆటలు లేకపోతే వద్దు. కావాలంటే తర్వాత వేసుకోవచ్చు, చోటు ఎక్కడికీ పోదు.

క్యాబినెట్ ఏది కొనాలి? ఇంట్లో ఎలుకలు, గోపాలపూర్ వైపు ఉప్పుగాలి.

గాజు, లైట్లు కాక, ముందువైపు జాలీ, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది చూడండి. వెనకాల కార్డుల కోసం ఉండే రేకు పట్టీలు ఒకటి రెండు ఊడి ఉంటాయి, చూశారా? చిట్టెలుక దూరేది అక్కడినుంచే. లోపల వెచ్చగా ఉంటుంది, వైర్లు కొరుకుతుంది, అన్నిటికీ మించి దాని మూత్రం బోర్డు మీద పడితే రాగి గీతలు తినేస్తుంది. పట్టీలు బిగించండి, లేదా దోమల జాలీ ముక్క అతికించండి. బల్లులకీ ఇదే మందు.

సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లు, ఛత్రపురం, గోపాలపూర్ వైపు, సిస్టమ్‌ని వారాల తరబడి ఆపి ఉంచకండి. వానాకాలంలో రెండు రోజులకోసారి అరగంట వేసినా లోపలి తేమ ఆరుతుంది. కిటికీ పక్కన వద్దు. జయపురం, కొరాపుట్ ఎత్తు మీద ఉన్నాయి, అక్కడ వేడి బాధ తక్కువ, పొగమంచు తేమ ఉంటుంది. అగరుబత్తులు, దోమల చుట్టలు వెలిగించే గదిలో ఫ్యాన్ రెక్కల మీద జిగురు పేరుకుంటుంది. దానిమీద దుమ్ము అంటుకుంటే ఊదితే పోదు, బ్రష్ పట్టాల్సిందే.

వైజాగ్‌లో కొనాలా, బరంపురంలోనా, ఆన్‌లైన్‌లోనా?

పన్ను తేడా ఏమీ లేదు, ఏ రాష్ట్రంలో కొన్నా విడిభాగాల మీద జీఎస్‌టీ 18 శాతమే. పర్లాకిమిడి, రాయగడ వాళ్లకి వైజాగ్ అలవాటైన దారి, రకాలు ఎక్కువ. గంజాం వాళ్లకి బరంపురం, లేకపోతే భువనేశ్వర్. నేను చూసేది ఒక్కటే, ఆ కంపెనీ సర్వీసు సెంటర్ మీరు ఉదయం వెళ్లి రాత్రికి రాగలిగే ఊళ్లో ఉందా లేదా. బోర్డు, ఎస్‌ఎమ్‌పీఎస్ మన ఊరి దగ్గర్లో కొని, ర్యామ్, ఎస్ఎస్‌డీ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఇబ్బంది లేదు. అవి కొరియర్‌లో తేలిగ్గా వెళ్తాయి.

బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తానంటారు. వద్దనండి. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి, ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. థర్మల్ కాగితం బిల్లు ఏడాదికే తెల్లబడుతుంది. ప్రాసెసర్ సీలు ఉన్న పెట్టెలోనే తీసుకోండి. పెట్టె లేకుండా విడిగా ఇచ్చే ట్రే ప్రాసెసర్లకి కంపెనీ వారంటీ రాదు, షాపువాడి మాటే వారంటీ.

ఒకే సిస్టమ్‌లో తెలుగు, ఒడియా రెండూ టైప్ చేయాలి.

విండోస్‌లోనే రెండు కీబోర్డులూ ఉన్నాయి, సెట్టింగ్స్‌లో భాష కలుపుకుంటే చాలు. డీటీపీ సెంటర్ నడిపేవాళ్ల సంగతి వేరు. అను ఫాంట్లు, ఆకృతి ఒడియా, పాత పేజ్‌మేకర్, వీటికి కొత్త విండోస్‌తో పేచీలు వస్తాయి. పాత మెషిన్‌ని నెట్ తీసేసి ఆ పనికే ఉంచుకోండి. కొత్తదాంట్లో యూనికోడ్ పని. రెండు మెషిన్లకీ ఒకే మానిటర్ వాడుకోవచ్చు, మానిటర్ వెనకాల రెండు పోర్టులు ఉంటే.

ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావడం లేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలా?

ముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, ర్యామ్ బయటికి తీయండి. పసుపు రంగు కాళ్లు మసకబారి ఉంటాయి, ముఖ్యంగా వానాకాలం చివర్లో. పిల్లల తెల్ల రబ్బరుతో రెండువైపులా మెల్లగా రుద్ది, పొట్టు బ్రష్‌తో దులిపి, టక్కున శబ్దం వచ్చేదాకా మళ్లీ పెట్టండి. చాలాసార్లు అదే పరిష్కారం. రెండు కడ్డీలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.

డిస్‌ప్లే వచ్చి, తేదీ మాత్రం ఎప్పుడో పాత ఏడాదికి పోయి, వెబ్‌సైట్లన్నీ "సురక్షితం కాదు" అంటుంటే బోర్డు మీద నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. వాచీలు బాగుచేసే దుకాణంలో దొరుకుతుంది. రాసి ఉన్న వైపు పైకి ఉండేలా పెట్టి, తేదీ సరిచేసుకోండి.